హాలుకూ వంటింటికీ మధ్య గోడ తీసేయాలా? 3 లక్షల్లో ఒంగోలు పాత ఇంటికి సలహా కావాలి

లాయర్‌పేట_ఇల్లు | జనవరి 6

అందరికీ నమస్కారం. ఒంగోలు లాయర్‌పేటలో మా నాన్నగారు 1997లో కట్టించిన ఇల్లు మాది. కింద మేము ఉంటాం, మేడ మీద అద్దెకు ఇచ్చాం. వంటగది ఆగ్నేయ మూలన ఉంది, 10 అడుగులు 8 అడుగులు. దాన్ని ఆనుకుని ఉత్తరాన హాలు, 16 అడుగులు 11 అడుగులు. మధ్యలో గోడ. గోడకు పడమటి చివర 3 అడుగుల గుమ్మం ఉంది. వంటింట్లో దక్షిణం వైపు ఒకే ఒక కిటికీ, అది కూడా పక్కింటి ప్రహరీని చూస్తూ ఉంటుంది. పగలు కూడా లైటు వేసుకుని కూర తరగాలి.

మా ఆవిడకు ఆ గోడ తీసేయాలని ఉంది. వంట చేస్తున్నంతసేపూ గుహలో ఉన్నట్టు ఉంటుందని ఆమె బాధ. హాలు, వంటిల్లు, భోజనాల బల్ల అన్నీ కలిసిపోతే వెలుగు వస్తుంది, పిల్లల చదువు మీద కన్ను వేయవచ్చు. మా అమ్మ మాత్రం ఒక్క మాటతో అడ్డుకుంది: "కూర మాడినా, అన్నం మిగిలినా వీధిలోవాళ్ళకు తెలియాలా?"

చేతిలో 3 లక్షలు ఉన్నాయి. అప్పు చేయకూడదన్నది నియమం. ఒక మాడ్యులర్ కిచెన్ దుకాణంవారు వచ్చి కొలతలు తీసుకుని, వంటింటి చెక్కపనికే 2 లక్షల 85 వేలు చెప్పారు. ఇక గోడ సంగతి, హాలు సంగతి ఏమిటి? ఎక్కడ తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గించకూడదో అనుభవం ఉన్నవారు చెప్పండి.

పెన్నా_గట్టు | జనవరి 6

గోడ తీసేయండి అన్నా. ఈ రోజుల్లో అందరూ తీసేస్తున్నారు. ఇల్లు రెండింతలు కనిపిస్తుంది.

పాతసివిల్ | జనవరి 6

పై మాట విని సుత్తి పట్టుకోకండి. ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పండి. ఆ గోడ మందం ఎంత, నాలుగున్నర అంగుళాలా, తొమ్మిదా? మేడ మీద సరిగ్గా దాని పైన మరో గోడ ఉందా? హాలు స్లాబు కింద దూలం కనిపిస్తోందా? ఇంటి మూలల్లో పిల్లర్లు ఉన్నాయా?

ఆ కాలంలో మన వైపు చిన్న ఇళ్ళు చాలావరకు పిల్లర్లు లేకుండా ఇటుక గోడల మీదనే స్లాబు వేసి కట్టినవి. అలాంటి ఇంట్లో 9 అంగుళాల గోడ అంటే అదే పిల్లరు, అదే దూలం. మందం తెలుసుకోవడానికి గోడకు రంధ్రం అక్కరలేదు. గుమ్మం దగ్గర టేపు పెట్టి చూసి, రెండు వైపుల ప్లాస్టరింగ్‌కు ఒక అంగుళం తీసేయండి.

లాయర్‌పేట_ఇల్లు | జనవరి 7

కొలిచాను. 10 అంగుళాలు వచ్చింది, అంటే గోడ 9. మేడ మీద సరిగ్గా దానిపైన పడకగది గోడ ఉంది. దూలం లేదు. పిల్లర్ల గురించి నాన్నగారిని అడిగితే "అప్పుడు అంత స్తోమత ఎక్కడిది?" అన్నారు.

పాతసివిల్ | జనవరి 7

అయితే గోడ మొత్తం తీయడం మీ 3 లక్షల్లో జరిగే పని కాదు. తీయాలంటే ఇనుప దూలం, దాని కింద రెండు వైపులా స్తంభాలు, వాటికి పునాదులు కావాలి. పైన కాపురం ఉంటున్న వాళ్ళు కొన్నాళ్ళు ఖాళీ చేయడమే మంచిది.

అయితే గోడ ఉంచాలా, తీయాలా అని రెండే దారులు అనుకోకండి. కన్నం పెట్టవచ్చు. గుమ్మం పక్కన కనీసం 2 అడుగుల గోడ వదిలి, ఆ తరువాత 4 అడుగుల వెడల్పు మించకుండా ఒక ఓపెనింగ్ తీసుకుంటే పని సులభం. 10 అడుగుల గోడలో గుమ్మానికి 3, నడుమ గోడ 2, ఓపెనింగ్ 4, మూలన 1 అడుగు. సరిగ్గా సరిపోతుంది. మీ ఊళ్ళో ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుకు రెండు మూడు వేలు ఇచ్చి ఇంటికి పిలిపించి చూపించండి. నేను ఫోటోలు చూసి చెప్పే మాట మీద గోడ కోయవద్దు.

కావలి_కోడలు | జనవరి 8

గోడ తీసేసినదాన్ని నేనున్నాను కాబట్టి చెబుతాను. మాది నెల్లూరులో ఫ్లాటు, మాగుంట లేఅవుట్. పిల్లర్ల ఇల్లు, అడ్డుగోడ నాలుగున్నర అంగుళాలే, అందుకని నిమిషాల్లో పడిపోయింది. మొదటి నెల చాలా బాగుంది. చుట్టాలు వచ్చి మెచ్చుకున్నారు.

ఆ తరువాత ఒక ఆదివారం కొర్రమీను పులుసు పెట్టాను. నెల్లూరులో పులుసు అంటే మరునాటికే రుచి అని మీకు తెలుసు కదా. పులుసు మరునాటికి రుచి ఎక్కింది, సోఫా గుడ్డలకు వాసన ఎక్కింది. సోఫాది మాత్రం వారం దాటినా దిగలేదు. ఎండు చేపలు వేయిస్తే పిల్లవాడి యూనిఫారం బడి దాకా వాసన మోసుకెళ్ళింది. దసరాకు ఫ్యాను రెక్క తుడిస్తే గుడ్డకు పసుపురంగు జిడ్డు అంటుకుంది. వంటింటికి 12 అడుగుల దూరంలో ఉన్న ఫ్యాను అది! రెండేళ్ళ తరువాత అదే చోట అద్దాల తలుపు పెట్టించాను. గోడ తీయడానికి ఒకసారి, మూయడానికి ఒకసారి ఖర్చు పెట్టిన ఘనత మాది.

మీ అమ్మగారి మాటలో పౌరుషం ఎక్కువున్నా, విషయం ఉంది.

పెన్నా_గట్టు | జనవరి 8

చిమ్నీ పెట్టుకుంటే పోతుంది కదండీ ఈ గోలంతా.

పాతసివిల్ | జనవరి 8

లెక్క వేద్దాం. ఈ ఇంట్లో పైకప్పు 10 అడుగుల ఎత్తు అనుకుంటే వంటింటి గాలి 800 ఘనపుటడుగులు, అంటే సుమారు 23 ఘనపు మీటర్లు. హాలు కలిపితే 2,560 ఘనపుటడుగులు, దాదాపు 72 ఘనపు మీటర్లు. అదే చిమ్నీ మూడింతల పైగా గాలిని మార్చాలి. పెట్టె మీద గంటకు 1,200 ఘనపు మీటర్లు అని రాసి ఉంటుంది కానీ, పైపు బిగించి, రెండు వంపులు తిప్పిన తరువాత ఆ సంఖ్య మిగలదు. 6 అంగుళాల పైపును 4 అంగుళాలకు కుదించి బిగించే మహానుభావులు కూడా ఉన్నారు. అలా చేస్తే గాలి దారి సగం కన్నా తక్కువకు పడిపోతుంది. శబ్దం మాత్రం పెరుగుతుంది.

ఇంకొకటి. మన తీరంలో వేసవి మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తూర్పు, ఆగ్నేయాల నుంచి వీస్తుంది. వాస్తు ప్రకారం వంటిల్లు కూడా ఆగ్నేయంలోనే ఉంది. అంటే కిటికీలోంచి వచ్చే గాలి వంటింటి వాసనను నేరుగా హాలులోకి తోసుకొస్తుంది. ఎంత చిమ్నీ అయినా సముద్రంతో పోటీ పడలేదు. చేపలు వండే ఇల్లయితే ఓపెనింగ్‌కు మూసుకునే అద్దం ఉండాల్సిందే. పైపును గోడలోంచి దగ్గరి దారిలో బయటికి తీసి, చివర గాలికి మూసుకునే రెక్క ఉన్న మూత పెట్టండి.

లాయర్‌పేట_ఇల్లు | జనవరి 9

మేము చేపలు వారానికి రెండుసార్లు వండుతాం. అద్దం ఖాయం.

చీమకుర్తి_రాయి | జనవరి 10

వంటగట్టు రాయి గురించి నేను చెబుతాను, మా ఇంట్లో మూడు తరాలుగా ఇదే పని. మీకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో చీమకుర్తి ఉంది. బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా పోయేది అక్కడి నుంచే. నల్లటి రాయి మీద బంగారు చుక్కలు. పెద్ద పలకల ధర మీకు అందదు, అందాల్సిన అవసరమూ లేదు. గట్టు వెడల్పు 2 అడుగులే కాబట్టి కోతలో మిగిలిన ముక్కలు చాలు. చెల్లింపు చదరపుటడుగు లెక్కన ఉంటుంది, బేరం నడుస్తుంది.

ముక్కలు ఎంచేటప్పుడు మూడు పనులు చేయండి. అన్నీ ఒకే పలక నుంచి వచ్చినవేనా అని అడగండి, లేకపోతే చుక్కలు ఒక చోట ఒత్తుగా, ఒక చోట పలచగా ఉండి గట్టు అతుకుల బొంతలా కనిపిస్తుంది. ఎండలో పెట్టి మొత్తం నీళ్ళు చల్లి, ఆరుతుండగా వంగి చూడండి. సన్నటి పగులు ఉంటే అక్కడ తడి చివరిదాకా గీతలా నిలబడుతుంది. దుకాణం లోపల ట్యూబులైటు కింద అది కనిపించదు. మూడోది, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే నల్లరాయి మీద తెల్లటి మరకలు కడతాయి. రోజూ రాత్రి పొడిగుడ్డతో తుడిచే ఓపిక ఉంటేనే నలుపు తీసుకోండి.

కావలి_కోడలు | జనవరి 10

కడప బండ చవక కదా, గట్టుకు అదే వేసుకుంటే?

చీమకుర్తి_రాయి | జనవరి 10

గట్టు పైన వద్దమ్మా. కడప బండ సున్నపురాయి జాతి. చింతపండు రసం, నిమ్మరసం పడి కాసేపు ఆగితే మెరుపు పోయి మచ్చ నిలుస్తుంది. పులుసు పెట్టే ఇంట్లో ఎన్ని మచ్చలో ఊహించుకోండి. గ్రానైట్‌కు ఆ బాధ లేదు. కానీ గట్టు కింద అడ్డ బండలకు, గూళ్ళకు కడప బండను మించినది లేదు.

ఉలి_బాడిస | జనవరి 11

రాయి గారు నా నోటి మాట లాగేసుకున్నారు. నేను వడ్రంగిని, సింగరాయకొండ దగ్గర మా ఊరు. నా పొట్ట కొట్టే మాట నేనే చెబుతున్నాను: గట్టు కింద చెక్క పెట్టెలు చేయించవద్దు.

దుకాణం వాళ్ళు 2 లక్షల 85 వేలు ఎందుకు అంటున్నారంటే, ప్రతి అరకూ నాలుగు వైపులా ప్లైవుడ్ పెట్టె చేసి, దాన్ని గోడకు ఆనిస్తారు. ఆ పెట్టె ఎవరికీ కనిపించదు. మీకు కావలసింది ముందు తలుపు మాత్రమే. కడప బండలు నిలువుగా 2 అడుగులకొకటి నిలబెట్టి, మధ్యలో ఒక అడ్డ బండ వేసి, పైన గ్రానైట్ పరిస్తే పెట్టె తయారు. చెద పట్టదు, ఉబ్బదు, బొద్దింక దూరే సందు ఉండదు. బండ అంచుకు సన్నటి చెక్క చట్రం బిగించి దానికి తలుపు వేస్తాం. అప్పుడు ప్లైవుడ్ మూడో వంతుకు దిగిపోతుంది.

ఆ తక్కువలోనే మంచిది కొనండి. పలక మీద ముద్ర చూడండి. ఐఎస్ 710 అంటే మెరైన్ రకం, నీటికి ఓర్చుకుంటుంది. ఐఎస్ 303లో రెండు రకాలు ఉంటాయి. బీడబ్ల్యూఆర్ (మరిగే నీటికీ ఓర్చుకునేది) వంటింటికి పనికొస్తుంది, ఎంఆర్ (చెమ్మకు మాత్రమే ఓర్చుకునేది) పడకగది బీరువాకు మాత్రమే. పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టును జిగురుతో అదిమిన పలక, సింకు కింద పెడితే రెండు వర్షాకాలాలకు అటుకుల్లా ఉబ్బుతుంది. సింకు కింద నేనైతే చెక్క తలుపు కూడా పెట్టను, పీవీసీ తలుపు పెడతాను. ఉప్పుగాలికి మామూలు కీళ్ళు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలు 304 అడగండి.

అటక ఉంది కదా? దాన్ని పగలగొట్టమని ఎవరు చెప్పినా వినవద్దు. ఇత్తడి గంగాళాలు మరెక్కడ పెడతారు?

మొలగొలుకులు | జనవరి 11

ఇంతమంది పెద్దలు ఇన్ని చెప్పారు కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. 25 కిలోల బియ్యం బస్తా ఎక్కడ పెడతారు? ఆవకాయ జాడీలు? గ్రైండరు? ఈ డిజైన్ల ఫోటోలలో ఒక మొక్కా, రెండు నిమ్మకాయలూ ఉంటాయి, బియ్యం డబ్బా ఉండదు.

ఉలి_బాడిస | జనవరి 11

మంచి మాట. గట్టు కింద ఒక అరను అడ్డ బండ లేకుండా 20 అంగుళాల వెడల్పుతో ఖాళీగా వదలండి. చక్రాల పలక మీద డబ్బా పెట్టి లోపలికి తోయడమే.

మొలగొలుకులు | జనవరి 11

ధన్యోస్మి.

మేస్త్రీగారబ్బాయి | జనవరి 13

గోడలకు మార్కాపురం పలకరాయి అంటిస్తే అందంగా ఉంటుంది, మన ప్రాంతపు రాయి అని చెప్పుకోవచ్చు. పొయ్యి వెనక వద్దు, పొరల సందుల్లో నూనె చేరితే రాదు. హాలులో టీవీ వెనక వేయండి.

గట్టు ఎత్తు గురించి: అందరికీ ఒకటే కొలత వేసేస్తున్నారు. మీ ఆవిడ మోచేయి వంచి నిలబడితే నేల నుంచి మోచేతికి ఎంతో కొలిచి, 4 లేదా 5 అంగుళాలు తగ్గించండి. కూర తరిగే చోటుకు అది సరిపోతుంది. పొయ్యి దానికదే నాలుగైదు అంగుళాలు ఎత్తు ఉంటుంది కాబట్టి పొయ్యి ఉన్న చోట గట్టు ఇంకాస్త దించుకోవచ్చు. మా నాన్న కట్టిన ప్రతి ఇంట్లో ఆ ఇంటి ఇల్లాలిని నిలబెట్టి గోడ మీద బొగ్గుతో గీత గీసేవాడు.

కావలి_కోడలు | జనవరి 13

గ్యాసు గురించి ఎవరూ చెప్పలేదు. సిలిండరును తలుపులు వేసిన అరలో పెడుతున్నారు ఇప్పుడు. ఎల్పీజీ గాలి కన్నా బరువు. కారితే నేల మీద నీళ్ళలా పరుచుకుంటుంది. కాబట్టి అర తలుపుకు కింది భాగంలో కన్నాలు తప్పనిసరి. సిలిండరు నిలువుగానే ఉండాలి, పొయ్యి దాని కన్నా ఎత్తులో ఉండాలి. సురక్ష పైపు ఒకటిన్నర మీటరుకు మించకూడదు, ఐదేళ్ళకొకసారి మార్చాలి. పైపు మీదే తేదీ ముద్రించి ఉంటుంది. వాసన వస్తే 1906కు ఫోను చేయండి. హాలూ వంటిల్లూ కలిపే ఇళ్ళలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఒకచోట కారిన గ్యాసుకు రెండో గది దాకా తలుపు ఉండదు.

పాతసివిల్ | జనవరి 14

కరెంటు కూడా. 1997 వైరింగ్ మీద ఇండక్షన్ పొయ్యి, మైక్రోవేవ్, గ్రైండరు కలిపి పెట్టవద్దు. 2,000 వాట్ల ఇండక్షన్ ఒక్కటే 8.7 ఆంపియర్లు లాగుతుంది. వంటింటికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపే స్విచ్చి), 16 ఆంపియర్ల ప్లగ్గులకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించండి. ముందు కుర్చీలు వేసుకుని కూర్చుని ఫ్రిజ్ ఎక్కడ, టీవీ ఎక్కడ అన్నది తేల్చుకుని, ఆ తరువాత గోడ గాడి తీయించండి. తరువాత మనసు మారితే మళ్ళీ గోడ కోయాలి.

లాయర్‌పేట_ఇల్లు | ఫిబ్రవరి 2

ఇంజనీరు వచ్చి చూశారు. పాతసివిల్ గారు చెప్పిన 4 అడుగులకే ఒప్పుకున్నారు. గుమ్మం పైన బరువు మోసే కాంక్రీటు పట్టీ (లింటెల్) గోడంతా లాగి ఉందేమోనని చెక్కి చూశారు, లేదు. అందుకని దూలంలా బరువు మోసే రెండు ఇనుప చానెళ్ళు పెట్టాం. ముందు హాలు వైపు సగం మందంలో గాడి తీసి ఒక చానెలు దూర్చి సిమెంటు నింపారు. అది గట్టిపడ్డాక వంటింటి వైపు రెండోది. రెండింటినీ బోల్టులతో బిగించాక కింద ఇటుకలు తీశారు. స్లాబు కింద సరుగుడు బాదులు రెండు వరుసలు నిలబెట్టారు. 14 రోజులు తీయవద్దన్నారు. ప్రస్తుతం మా హాలు సరుగుడు తోటలా ఉంది. పిల్లలు అందులో దొంగాటలు ఆడుతున్నారు.

ఓపెనింగ్ కింది అంచు ఎంత ఎత్తున ఉండాలన్న దాని మీద ఒక సాయంత్రం గడిచిపోయింది. నేను సోఫాలో కూర్చున్నాను. మా ఆవిడ గోడకు అటువైపు నిలబడి, గుమ్మంలోంచి చేటను పక్కకు చాపి నెమ్మదిగా పైకి ఎత్తుతూ, "ఇప్పుడు గిన్నెలు కనిపిస్తాయా? ఇప్పుడు?" అని అడిగింది. అమ్మ సుద్దముక్కతో గోడ మీద గీతలు గీసింది. నేల నుంచి 42 అంగుళాల దగ్గర ముగ్గురం ఒప్పుకున్నాం. గట్టు 33 అంగుళాలు. అంటే గట్టు మీద 9 అంగుళాల గోడ నిలిచి అంట్లను దాస్తుంది. నిలబడ్డవాళ్ళ ముఖాలు మాత్రం ఒకరికొకరికి కనిపిస్తాయి. మాడిన కూర కనిపించదు.

కావలి_కోడలు | ఫిబ్రవరి 2

ఆ 42 అంగుళాలు నా గోడకు రాసి పెట్టి ఉంటే బాగుండేది.

లాయర్‌పేట_ఇల్లు | ఏప్రిల్ 19

పని అయిపోయింది. ఖర్చు 3 లక్షల 14 వేలు. 14 వేలు దాటడానికి కారణం సింకు వెనక గోడలో పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపు. చేత్తో తట్టగానే తుప్పు రాలి నీళ్ళు చిమ్మాయి. మేడ మీది పైపు దాకా మొత్తం సీపీవీసీ ప్లాస్టిక్ పైపుకు మార్చాల్సి వచ్చింది. ఇది ఎవరి అంచనాలోనూ లేదు. పాత ఇల్లు ముట్టుకునే వాళ్ళు ఇందుకోసం ఒక పాతిక వేలు పక్కన పెట్టుకోండి.

గోడ కోత, చానెళ్ళు, ప్లాస్టరింగ్ కలిపి 46 వేలు. తలుపులకు ప్లైవుడ్, కూలి, కీళ్ళు 84 వేలు. దుకాణం వారు చెప్పిన దానిలో ఇది మూడో వంతు కన్నా తక్కువ. కడప బండలు, గ్రానైట్ ముక్కలు, కోత, పాలిష్ 38 వేలు. రాయి గారు చెప్పినట్టు నీళ్ళు చల్లి చూస్తే మొదటి దుకాణంలో రెండు ముక్కలకు పగులు దొరికింది. దుకాణదారు ముఖం చూడాలి! ఓపెనింగ్ అంచు మీద అదే రాయి 14 అంగుళాల వెడల్పున హాలు వైపుకు పరిచాం. పిల్లలు అక్కడే ఎత్తు స్టూళ్ళ మీద కూర్చుని టిఫిను తింటున్నారు, ఇక భోజనాల బల్ల కొనలేదు. సోఫా మార్చలేదు. మిగిలిన ఖర్చు యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) చట్రం ఉన్న జారుడు అద్దానికి, చిమ్నీకి, వైరింగ్‌కు, టైల్స్‌కు, రంగులకు.

ఒక తప్పు చేశాను. అద్దం పట్టాలు కింద కూడా పెట్టించాను. వాటిలో పోపు ఆవాలు పడి ఇరుక్కుంటున్నాయి. పైన వేలాడే రకం అడగాల్సింది.

ఉలి_బాడిస | ఏప్రిల్ 19

పాత పళ్ళుతోముకునే బ్రష్షు ఒకటి అక్కడే పెట్టుకోండి. అమ్మగారు ఏమన్నారు?

లాయర్‌పేట_ఇల్లు | ఏప్రిల్ 20

మొదటి రెండు రోజులు అద్దం మూసే ఉంచింది. మూడో రోజు సాయంత్రం సీరియల్ సమయానికి తనే తెరిచింది. ఇప్పుడు చేపల రోజు తప్ప మూయనివ్వదు. అయితే వంకాయ తరిగే చోటి నుంచి టీవీ సగమే కనిపిస్తోందట, ఒక అడుగు తూర్పుకు జరపమంటోంది. పాతసివిల్ గారూ, అక్కడ ప్లగ్గు లేదు. మీరు కుర్చీలు వేసుకుని తేల్చుకోమన్నప్పుడు అమ్మకు కుర్చీ వేయలేదు.